ఎడమ చక్రం

పైడయ్య పోయి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజులూ జాలరిపేటలో ఏ అరుగు మీద నలుగురు కూడినా ఒకటే మాట. మోహన్ చేజేతులా తండ్రిని చంపుకున్నాడని.

కైలాసగిరి కొండ మీంచి దిగుతూండగా రెండో మలుపులో మోహన్ నడుపుతున్న పాత ఫియట్ రాతిగోడని గుద్దుకోవడం, పక్కసీట్లో ఉన్న పైడయ్య మూడో రోజున ఆసుపత్రిలో కన్నుమూయడం మీకు తెలిసిన సంగతే. మోహన్‌కి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి, అంతే. అంత తక్కువ దెబ్బతో బయటపడడమే వాడి నేరమైపోయింది. "బ్రేకు పట్టలేదమ్మా, తొక్కితే పెడలు నేలకంటా ఎల్లిపోనాది" అని తల్లి కాళ్ల మీద పడ్డాడు. గంగాలమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. మొగుడికి తలకొరివి మరిది సింహాద్రి చేత పెట్టించింది. కన్నకొడుకు బోర్లించిన పడవల వెనక నిలబడి దూరం నుంచి ఆ పొగ చూశాడు.

బండికి పెద్ద చక్రాలు వేయించి నెల తిరగలేదు. వయసు పొగరూ, స్పీడూ, ఆ చక్రాలూ కలిసి పైడయ్యని మింగేశాయని పేట తీర్మానించేసింది.

పోయినవారం కథని, గంగాలమ్మ పూర్ణా మార్కెట్ వెనక సందులో, జ్ఞానదాసు మోటారు షెడ్డు ముందు ఆటో దిగిన దగ్గర ఆపాం. కర్మలు పూర్తయ్యేదాకా గడప దాటకూడని మనిషి. ఆమెని చూడగానే జ్ఞానదాసు చేతిలో పానా కిందపెట్టి, చేతులు తుడుచుకుంటూ స్టూలు ముందుకి జరిపాడు.

"కూకోను దాసన్నా. మాట సెప్పి ఎల్లిపోతాను" అంది గంగాలమ్మ. గొంతు బొంగురుపోయింది గానీ కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఇరవై రెండేళ్లు ఆ బండిని నువ్వే సూసినావు. బండి ఇసయంలో మా ఆయన నీ మాట తప్ప ఇంకోల మాట ఇన్లేదు. అదిప్పుడు స్టేషన్ ఎనకాల పడున్నాది. ఎల్లి సూసి రా. నిజంగా బ్రేకే పోనాదో, నా కొడుకు అబద్ధం ఆడతన్నాడో నువ్వు సెప్పు."

"పోలీసోల్లు సూత్తారు కదా సెల్లెమ్మా."

"ఆల్లేటి సెప్తే నాకేటి? రేపు పెద్దకర్మం. ఆడికి గుండు కొట్టించి తండ్రికి పిండం పెట్టనివ్వాలో, గుమ్మంలోకి రానివ్వకూడదో రేపు పొద్దుటికి నాను తేల్సుకోవాల. నువ్వు బ్రేకు పోనాదంటే పోనాది. నేదంటే ఆడు నా కొడుకు కాడు."

ఆ మాటని అక్కడ పెట్టేసి, వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లిపోయింది.

జ్ఞానదాసుకి యాభై ఎనిమిదేళ్లు. మోటార్ల మధ్యే నెత్తి నెరిసింది. పోర్టులో పనిచేసిన ఇంజనీరొకాయన రిటైరై సొంతూరు పోతూ అమ్మితే, పైడయ్య ఎనభై ఒకటిలో ఆ ఫియట్ కొన్నాడు. అరవై రెండు మోడలు. జాలరిపేటలోకి వచ్చిన మొదటి కారు. అప్పటినుంచీ దానికి జలుబు చేసినా దగ్గొచ్చినా ఈ షెడ్డుకే వచ్చేది. పైడయ్య జ్ఞానదాసుని బావా అనేవాడు. చుట్టరికం లేదు, మతం వేరు. అయినా ఒక బీడీ ఇద్దరూ పంచుకునేంత దగ్గరితనం.

ఆ బండికి పెద్ద చక్రాలు పెట్టమని మోహన్ వచ్చినప్పుడు జ్ఞానదాసు ఒక్కమాటలో వద్దన్నాడు. మోహన్ ఎక్కడో జపాను బండి నుంచి ఊడదీసిన అలాయ్ చక్రాలు నాలుగు సంపాదించాడు. పదిహేనంగుళాలవి, వెండిలా మెరుస్తున్నాయి, వాటికి జానెడు వెడల్పు టైర్లు. "ఈ బండి పద్నాలుగంగుళాల సన్న చక్రాల మీద తిరగడానికి పుట్టింది. వాటి లెక్క ప్రకారమే అడుగున అన్నీ అమర్చుంటాయి. నీకు హంగు గావాలంటే కొత్త బండి కొనుక్కో" అన్నాడు. మోహన్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత జ్ఞానదాసు చర్చి సభలకి రాజమండ్రి వెళ్లి వారం ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి అల్లుడు కెన్నీ ఆ పని కాస్తా చేసేశాడు.

కెన్నీ మంచి పనివాడే. కూతురు మిరియంని చేసుకుని నాలుగేళ్లుగా షెడ్డులోనే ఉంటున్నాడు. కానీ అతనికి కొత్త హంగులంటే మోజు. మావగారికి అదే నచ్చదు. చక్రాలు కాస్త బయటికి జరిగి కూర్చునేలా లేతు మిషన్ మీద మందపాటి బిళ్లలు కోయించి, మడ్‌గార్డుల అంచులు లోపలికి మడిచి, ఆ చక్రాలు బిగించి చూపించాడు. జ్ఞానదాసు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

పైడయ్యకీ ఆ చక్రాలు నచ్చలేదు. ఎత్తు పెరిగిందని, ఎక్కడానికి మోకాళ్లు సహకరించడం లేదని ఒకరోజు షెడ్డుకొచ్చి మొత్తుకున్నాడు కూడా.

గంగాలమ్మ వెళ్లిన గంటకి జ్ఞానదాసు టార్చిలైటు జేబులో వేసుకుని స్టేషన్‌కి వెళ్లాడు. సంగతి చెబితే హెడ్డు కానిస్టేబులు వెనక గేటు తీయించాడు.

ఫియట్ కుడిపక్క ప్రహరీకి ఆనుకుని ఉంది. ఎడమపక్క ముందు తలుపు లోపలికి నలిగిపోయింది. పైడయ్య కూర్చున్న సీటు మీద ఎవరో గోనెపట్టా కప్పారు. జ్ఞానదాసు దాన్ని తీయలేదు. ఎడమ మడ్‌గార్డు ఊడి నేల మీద పడి ఉండడంతో ముందు చక్రం మొత్తం బయటికి కనిపిస్తోంది. అంత దెబ్బకీ ఆ అలాయ్ చక్రం మెరుపు తగ్గలేదు.

మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, చక్రం లోపలి వైపుకి టార్చి వేశాడు.

టైరు లోపలి అంచు మీద రెండు వేళ్ల వెడల్పున రబ్బరు నున్నగా అరిగి గీతలా మెరుస్తోంది. దాని ఎదురుగా చక్రానికి బ్రేకు నూనె తీసుకెళ్లే రబ్బరు గొట్టం తెగి వేలాడుతోంది. గుద్దుకుని తెగిన గొట్టం చిరుగులు పోతుంది. ఇది అలా లేదు. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ టైరు ఒరుసుకుని, రోజూ కాస్త కాస్త పలచబడి, చివరికి తొక్కిన తొక్కుడుకి పగిలింది. ఆ కాలం బళ్లలో ఒక్క గొట్టం పోతే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు.

మోహన్ అబద్ధం చెప్పలేదు.

జ్ఞానదాసుకి గుండె మీంచి బరువు దిగినట్టయింది. అది కూడా క్షణం సేపే. ఆ గొట్టం టైరుకి తగలకుండా పక్కకి పట్టి ఉంచడానికి ఒక ఇనప పట్టీ ఉండాలి. ఇంత వెడల్పు టైరు వేసేటప్పుడు పనివాడన్నవాడు ముందు ఆలోచించాల్సింది అదే. టార్చి తిప్పి తిప్పి వెతికాడు. పట్టీ లేదు.

కెన్నీ!

ఆటో కూడా పిలవకుండా మిట్టమధ్యాహ్నం ఎండలో షెడ్డు దాకా నడిచాడు.

కెన్నీ ఒక్కడే ఉన్నాడు. కార్బురేటరు విప్పి పెట్రోల్లో కడుగుతున్నాడు. మావగారి మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"బండిని సూసొచ్చాను" అన్నాడు జ్ఞానదాసు.

కెన్నీ పెట్రోలు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఎడంపక్క గొట్టం టైరుకి రాసుకుని తెగిపోయింది. దానికి పట్టీ లేదు. పైన హంగు సూసుకున్నావు గానీ లోపల మనిషి కూకుంటాడని సూసుకోలేదేటి కెన్నీ? నా కూతుర్నిచ్చాను. నా షెడ్డులో పెట్టుకున్నాను. నా బావని సంపేసినావు కదరా!"

చొక్కా పట్టుకుని ఊపేశాడు. కెన్నీ విడిపించుకోలేదు. కళ్లు నేలకి దించుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే మావయ్యా. పట్టీ ఎయ్యడం మర్చిపోయాను. పద, ఇప్పుడే జాలరిపేట ఎల్దాం. ఆవిడ ముందే ఒప్పుకుంటాను. పోలీసులకీ అదే సెప్తాను."

జ్ఞానదాసు చెయ్యి వదులైంది. నాలుగేళ్లుగా చూస్తున్నాడు ఈ కుర్రవాణ్ణి. చిన్న వాషరు తేడా వచ్చిందంటే కూడా గంటసేపు వాదిస్తాడు. తన పనిని ఎవరైనా తప్పంటే ఒప్పుకునే రకం కాదు. అలాంటివాడు మనిషి ప్రాణం పోయిన తప్పుని ఎదురు మాట లేకుండా నెత్తిన వేసుకుంటున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చిన రోజున కెన్నీ వెంటపడి చెప్పాడు, రెండు పక్కలా పట్టీలేశాను, ఒకసారి కిందకి వంగి చూడు మావయ్యా అని. కోపంతో తనే చూడలేదు.

"పట్టీలు ఏశానన్నావు కదా ఆవేళ?"

"అబద్ధం సెప్పాను."

"నా మొహం సూసి సెప్పు."

కెన్నీ తల ఎత్తలేదు.

"కుడిపక్క గోడకి ఆనుకునుంది. సూడలేదు నాను. మల్లీ ఎల్లి బండిని జరిపించి సూత్తాను" అంటూ జ్ఞానదాసు వెనుదిరిగాడు.

కెన్నీ గబుక్కున గుమ్మానికి అడ్డం వచ్చాడు. "ఎల్లొద్దు మావయ్యా. నీకు దండం పెడతాను. నా పేరు సెప్పీసి ఊరుకో."

"తప్పుకో."

"కుడిపక్క పట్టీ ఉంటాది" అన్నాడు కెన్నీ. అనేసి, గోడకి జారబడి నిలబడ్డాడు.

"మరి ఎడంపక్కది?"

కెన్నీ వెళ్లి తన స్కూటరు డిక్కీలోంచి పాత గుడ్డమూట తీసుకొచ్చాడు. విప్పితే అందులో బెత్తెడు ఇనప పట్టీ, రెండు బోల్టులు ఉన్నాయి.

"యాక్సిడెంటైన మర్నాడు నీ పనిబల్ల మీద కిరసనాయిలు పళ్లెంలో దొరికినాయి."

జ్ఞానదాసు ఆ పట్టీ వంక చూస్తూ ఉండిపోయాడు.

పైడయ్య మోకాళ్ల గురించి మొత్తుకుంటూ వచ్చిన రోజు గుర్తొచ్చింది. కెన్నీ షెడ్డులో లేడు. 'పాత చక్రాలే పెట్టీ బావా' అన్నాడు పైడయ్య. జ్ఞానదాసుకి ప్రాణం లేచొచ్చింది. తన మాటే నెగ్గినట్టనిపించింది. వెంటనే జాకీ పెట్టి ఎడమ చక్రం ఊడదీశాడు. సన్న చక్రానికి పట్టీతో పని లేదు కదా అని దాన్ని కూడా విప్పి కిరసనాయిలు పళ్లెంలో వేసి, గొట్టాన్ని పాత దారిలో పెట్టాడు. ఈలోగా పైడయ్య సందు చివరి నుంచి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు. టీ తాగుతూ మెరిసే ఆ చక్రాన్ని కాసేపు చూసి మనసు మార్చుకున్నాడు. 'ఒగ్గెయ్ బావా. గుంటడు ముచ్చటపడ్డాడు. నానే అలవాటు పడతాన్లే' అన్నాడు. జ్ఞానదాసు విసుక్కున్నాడు. విసుక్కుంటూనే అలాయ్ చక్రాన్ని తిరిగి ఎక్కించి, నాలుగు బోల్టులూ బిగించాడు. పైడయ్య ఏదో హాస్యమాడితే నవ్వాడు కూడా. బండి వెళ్లిపోయింది.

పట్టీ సంగతి మళ్లీ తలపుకే రాలేదు. ఈ నిమిషం దాకా రాలేదు.

స్టూలు మీద కూలబడ్డాడు. షెడ్డు బయట ఎవరో ఉల్లిపాయల బస్తాలు దించుతూ అరుస్తున్నారు. ఆ అరుపులు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి.

"పదకొండు రోజులై నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"నువ్వే సేసినావని ఇందాకా సొక్కా పట్టుకున్నాను."

"పట్టుకుంటావని తెలుసు మావయ్యా." కెన్నీ అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. "నాను కుర్రోడ్ని. నా పేరు పాడైతే ఇంకో ఊర్లో ఏదో పని దొరుకుతాది. నీకీ వయసులో ఈ పేరు తప్ప ఏటున్నాది? మిరియంకి సెప్పాను. నాన్నకి తెలిస్తే బతకడు, నువ్వే మొయ్యి అంది."

కూతురు పదకొండు రోజులుగా రోజూ వచ్చి అన్నం వడ్డిస్తోంది. మొగుడు జైలుకి వెళ్లినా సరేననుకుని వడ్డిస్తోంది. జ్ఞానదాసు రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. కిరసనాయిలు వాసన వేసే ఆ చేతుల వెనక అతని భుజాలు కదలడం చూసి కెన్నీ మొహం తిప్పుకున్నాడు.

"రేపు పొద్దున్న నానే ఎల్తాను" అన్నాడు జ్ఞానదాసు చేతులు దించి. "నువ్వు రావద్దు."

మర్నాడు అతను జాలరిపేట చేరేసరికి ఏడు దాటింది. ఆకాశం మబ్బేసి ఉంది. సముద్రం బూడిదరంగులో ఉంది, ఒడ్డున పెద్ద అలలు విరుగుతున్నాయి. పైడయ్య ఇంటి ముందు షామియానా వేశారు. మంగలి పొది విప్పుకుని కూర్చున్నాడు. కులపెద్దలు నలుగురైదుగురు చాపల మీద ఉన్నారు. వాకిట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్న గంగాలమ్మ, జ్ఞానదాసుని చూసి లేచి నిలబడింది.

"సూసినావా దాసన్నా?"

"సూశాను. నీ కొడుకు అబద్ధం ఆడలేదు. బ్రేకే పోయింది."

షామియానా కింద కలకలం రేగింది. గంగాలమ్మ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టింది. జ్ఞానదాసు మొహంలో ఇంకేదో ఉందని ఆమెకి అర్థమైంది.

"ఎలాగ పోనాది?"

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేశాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పైడయ్య షెడ్డుకి రావడం, చక్రం విప్పడం, టీ తాగడం, పట్టీ మర్చిపోవడం. "పెద్ద చక్రం తప్పు కాదు. మోహన్ తప్పు కాదు. నా అల్లుడి తప్పూ కాదు. నా సేతుల్లోనే పోయాడు సెల్లెమ్మా. పోలీసులకీ ఇదే సెప్తాను. ముందు నీకు సెప్పాలని వచ్చాను."

ఒక పెద్దమనిషి బూతుమాట అంటూ మీదికి లేచాడు. పక్కవాళ్లు పట్టుకున్నారు. గంగాలమ్మ మాత్రం కదల్లేదు. అతని వంకే చూస్తోంది. ఆ చూపు కింద నిలబడడం కంటే నాలుగు దెబ్బలు తినడం నయమనిపించింది జ్ఞానదాసుకి.

"ఆవేళ మల్లీ ఎందుకు ఎక్కించమన్నాడు ఆ సక్రాలు?" అని అడిగింది.

"గుంటడు ముచ్చటపడ్డాడు, నానే అలవాటు పడతాను అన్నాడు."

పది రోజులుగా ఒక్క చుక్క రాల్చని గంగాలమ్మ, స్తంభం పట్టుకుని కిందకి జారిపోతూ ఏడ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లని తోసేసి మళ్లీ లేచింది.

"నిన్నేటి సెయ్యాలో తరవాత సెప్తాను దాసన్నా. ముందు నా కొడుకుని పిలండి. ఆల నాన్న అన్నమాట ఆడు ఇనాల. మోహన్ ఏడీ?"

సింహాద్రి సముద్రం వైపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు.

"ఒదినా, అన్నయ్య తెప్ప నేదు. తెల్లారగట్ల మోహన్ ఒక్కడే తోసుకెల్లాడంట. ఒడ్డునున్న జోగమ్మ సూసిందంట." ఒక్క క్షణం ఆగాడు. "వల ఇక్కడే ఉన్నాది. ఆడు వల పట్టికెల్లలేదు."

గంగాలమ్మ ఇసుకలోకి పరుగెత్తింది. వెనకే అందరూ. నీటి అంచున సింహాద్రి ఫైబరు పడవ ఉంది. నలుగురు మనుషులు దాన్ని నీళ్లలోకి తోశారు. సింహాద్రి ఎక్కి ఇంజను తాడు లాగాడు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ లాగాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు.

జ్ఞానదాసు నడుంలోతు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. చెయ్యి ఇంజను వైపు చాచి, ఆపుకుని, గంగాలమ్మ వైపు చూశాడు. ఇప్పుడు ఈ చేతిని ముట్టుకోనిస్తారో లేదో తెలియలేదు.

"సూడు" అంది గంగాలమ్మ. "బేగి సూడు."

పడవెక్కి, అందులో ఉన్న పానాతో ప్లగ్గు విప్పాడు. ఉప్పునీరు పట్టి నల్లగా ఉంది. చొక్కా అంచుతో తుడిచి, జేబులో పిన్నీసుతో గీకి, బిగించాడు. బిగించాక మరొకసారి బిగించి చూశాడు. తాడు లాగితే ఇంజను అంటుకుంది.

పడవ తిరగబోతూండగా గంగాలమ్మ చీర ఎగదోపుకుని నీళ్లలోకి వచ్చి అంచు మీద చెయ్యేసింది.

"ఒదినా, ఆడోల్లు పడవెక్కకూడదు. అందులోనూ ఈ పది రోజుల్లో..." అన్నాడు సింహాద్రి.

"తొయ్యరా" అంది ఆమె. ఎక్కి ముందు కొసన కూర్చుంది.

అలలు దాటడానికి పావుగంట పట్టింది. పడవ లేచి పడుతూంటే జ్ఞానదాసు రెండు చేతులా కొయ్యపట్టీ పట్టుకుని కూర్చున్నాడు. అతను పుట్టింది ఈ ఊర్లోనే గానీ సముద్రం మీదికి రావడం ఇదే మొదలు. వెనక జాలరిపేట ఇళ్లు చిన్నవైపోయాయి. ఎటు చూసినా బూడిదరంగు నీళ్లే.

ఉన్నట్టుండి సింహాద్రి ఇంజను వేగం తగ్గించి, చెయ్యెత్తి చూపించాడు.

దూరంగా, అలల మీద, పైడయ్య తెప్ప పైకీ కిందకీ ఊగుతోంది. తెడ్డు వేస్తున్న జాడ లేదు. దాని మీద నల్లగా ఏదో ఉంది. పడుకున్న మనిషో, చుట్టిపెట్టిన తాళ్ల మోపో అక్కడి నుంచి తెలియడం లేదు.

గంగాలమ్మ ఊగిపోతున్న పడవలో లేచి నిలబడి, గొంతు చించుకుని కొడుకుని పేరు పెట్టి పిలిచింది.